లిఫ్టాయన నోట రాని మాట

లిఫ్టాయన ఆఖరుసారిగా చేసిన పని టీ గిన్నె పిడి బిగించడం. ఆ సాయంత్రం వంటింట్లో స్టూలు లాక్కుని కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, స్క్రూ తిప్పుతున్నాడు. భార్య పొయ్యి దగ్గర నిలబడి అడిగింది.

"అయిందా?"

"అవుతోంది."

స్క్రూ బిగిసిపోయి ఎదురుగా కనిపిస్తూనే ఉంది. అయినా ఆయన గిన్నె నిండా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు. నీళ్ళు మరిగాక పిడి పట్టుకుని ఎత్తి, అటూ ఇటూ ఊపి, దింపి, అప్పుడు అన్నాడు.

"ఆఁ, ఇప్పుడయింది."

"గిన్నె పిడికి కూడా పరీక్షలే. నన్ను కట్టుకునే ముందు ఇంత చూసుకున్నారో లేదో," అంది ఆవిడ.

"చూసుకోలేదు. అందుకే ఇలా ఉంది."

టీ తాగాడు, పడుకున్నాడు, పొద్దున లేవలేదు. నొప్పి తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు. మంచాన పడలేదు, ఎవరి చేతా ఒక్క పూట చాకిరీ చేయించుకోలేదు. ఏడుస్తున్న ఇంటిల్లిపాదీ ఆ ఒక్క సంగతి దగ్గర మాత్రం కాస్త ఊపిరి పీల్చుకున్నారు. అందరికంటే ఎక్కువ ఊపిరి పీల్చుకున్నది కోడలు. ఎందుకంటే ఈయన ఊరి చివరి గోడౌనులో బోల్టులు ఏరుకుంటూ, దిగులుతో పోవలసిన మనిషి అని ఒకప్పుడు ఆమె నిజంగా భయపడింది.

ఆమె స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పే టీచరు. రెండు వీధుల అవతల ఒక మేడ మీది గదిలో, సాయంత్రాలు, షాపుల్లో పనిచేసే ఆడపిల్లలకీ హోటల్ రిసెప్షన్‌లో చేరబోయే కుర్రాళ్ళకీ పాఠాలు చెబుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలోనే మామగారి అలవాటొకటి ఆమె కంట పడింది. ఆయన నోట 'అయింది' అన్న మాట వినపడదు. భోజనం అయిందా అంటే చెయ్యి తుడుచుకుంటూ "అవుతోంది" అంటాడు. స్నానం అయిందా అంటే తల దువ్వుకుంటూ "అవుతోంది" అంటాడు. కొడుకు పెళ్ళి జరిగిన మర్నాడు దూరపు బంధువెవరో ఫోన్ చేసి పెళ్ళి అయిపోయిందా అని అడిగితే, "అవుతోందండీ" అన్నాడట. కొత్త కోడలు పక్క గదిలోంచి విని బిత్తరపోయింది.

"మా ఆయన అంతేనమ్మా," అని అత్తగారు సర్ది చెప్పింది. "నిన్ను నాలుగు రోజులు వాడి చూస్తే గానీ పెళ్ళయిందని ఒప్పుకోడు."

అసలు కారణం తరవాత తెలిసింది. ఆయన లిఫ్టు మెకానిక్, ఆ పని ఒంటి చేతి పని కాదు. ఒకడు పైన మోటారు గదిలో మీట దగ్గర ఉంటాడు. ఇంకొకడు కింద, లిఫ్టు తిరిగే గొయ్యిలోనో, డబ్బా నెత్తి మీదో ఉంటాడు. కిందివాడు 'అయింది' అంటే పైవాడు మీట వేస్తాడు. అందుకని వాళ్ళ బృందంలో ఒక కట్టుబాటు. గొయ్యిలోంచి బయటికి రావాలి, తలుపుకి తాళం వెయ్యాలి, సంచిలో పనిముట్లన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాలి, చేసినవాడే మొదట ఒక్కడూ ఎక్కి, తాళం చెవితో నడుపుకుంటూ కింది నుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా తిరిగి రావాలి. అప్పటిదాకా ఆ మాట నోట్లోంచి ఊడిపడకూడదు. ఎవరు అడిగినా, యజమాని అడిగినా, దేవుడు దిగివచ్చి అడిగినా 'అవుతోంది' అనే చెప్పాలి.

ఈ కట్టుబాటు పుట్టింది ఆయన జోడీ వల్ల. ఆ జోడీని అందరూ నట్టు అంటారు. వయసులో ఉన్నప్పుడు నట్టు గొయ్యిలోనే నిలబడి, స్పానర్ ఇంకా చేతిలో ఉండగా, ఆకలి మీద "అయింది, పద" అన్నాడు. పైనున్న లిఫ్టాయన మీట వేశాడు. నట్టు కాలి వేళ్ళు రెండు నలిగిపోయాయి.

"నా నోటితో నా కాలే తొక్కించుకున్నాను అమ్మాయ్," అని కుంటుతూ చెప్పేవాడు నట్టు. "ఆ రోజు నుంచీ మీ మావయ్య నోటికి తాళం. తాళం చెవి నా దగ్గర కూడా లేదు."

ఇలా ఏళ్ళు గడిచాక ఆయన చూసుకునే భవనాల లిఫ్టులన్నీ ఒక కొత్త కంపెనీ చేతికి వెళ్ళాయి. కంపెనీ కంట్రోల్ రూమ్ ఎక్కడో దూరాన ఉంది. అక్కడ కూర్చున్నవాళ్ళకి ఇక్కడి భాష రాదు. లిఫ్టుని నిలబెట్టినా నడిపించినా అక్కడి నుంచే. కాబట్టి ప్రతి పనిలోనూ ఇన్‌చార్జి మెకానిక్ ఫోన్ చేసి ఇంగ్లీషులో చెప్పాలి. పని ఇంకా సాగుతోందా, ముగిసిందా, అదీ వాళ్ళకి కావలసింది. సాగుతోందంటే ముట్టుకోరు. ముగిసిందంటే నడిపిస్తారు.

సూపర్‌వైజర్ లిఫ్టాయనని పిలిచి మెల్లగా చెప్పాడు.

"పెద్దాయనా, పరీక్ష ఉంది. హెడ్డాఫీసులో మాట్లాడించి చూస్తారు. ప్యాసైతే మీ లిఫ్టులు మీవే. లేకపోతే మిమ్మల్ని గోడౌనుకి వేస్తారు. పని తేలికే, బోల్టులు సైజుల ప్రకారం డబ్బాల్లో వెయ్యడం."

"గోడౌను ఎన్ని అంతస్తులు?"

"ఒకటే."

ఆ రాత్రి ఆయన సరిగా తినలేదు. "ఒకటే అంతస్తట," అని మాత్రం భార్యతో అన్నాడు. మర్నాడు పొద్దున్నే కోడలి ముందు కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

"టీచరమ్మా, నన్ను కూడా నీ బడిలో చేర్చుకో. అల్లరి చెయ్యను."

కోడలు నవ్వింది గానీ భయమూ వేసింది. బయటి పిల్లలు తప్పితే తప్పుతారు. సొంత మామగారు తప్పితే ఆ కంచం ముందు రోజూ తను ఎలా కూర్చుంటుంది? ఆమె కాగితం తీసి మొదలుపెట్టింది.

"చూడండి మావయ్యా. 'ఐ రిపేర్డ్ ది లిఫ్ట్ ఎస్టర్‌డే' అంటే నిన్న బాగుచేశాను, నిన్నటితో ఆ కథ సరి. 'ఐ హ్యావ్ రిపేర్డ్ ది లిఫ్ట్' అంటే బాగుచేశాను, ఇదిగో ఇప్పుడు తిరుగుతుంది, ఎక్కండి అని. ఎప్పుడు చేశామన్నది కాదు, ఇప్పుడు చేతికి ఏం మిగిలిందన్నది ముఖ్యం."

"ఊఁ."

"'ఐ హ్యావ్ బీన్ రిపేరింగ్ ది లిఫ్ట్' అంటే చేస్తూ వస్తున్నాను అని. పొద్దుటి నుంచీ అనాలంటే చివర 'సిన్స్ మార్నింగ్' తగిలించండి. రెండు గంటలుగా అనాలంటే 'ఫర్ టూ అవర్స్'. మొదలెప్పుడో చెబితే సిన్స్, ఎంతసేపో చెబితే ఫర్."

"చెయ్యి ఆపేసి, గ్రీజు ఇంకా కడుక్కోలేదనుకో. అప్పుడు?"

"అప్పుడూ అదే అనొచ్చు. ఆ గ్రీజు చూసి ఏం చేస్తున్నారని ఎవరైనా అడిగితే 'ఐ హ్యావ్ బీన్ రిపేరింగ్' అంటాం. కాకపోతే పని తేలిందా లేదా అన్నది ఆ మాటలో ఉండదు."

"ఉండదా?" లిఫ్టాయన ముఖం విప్పారింది. "అయితే నాకు ఇదే బాగుందమ్మా. రెండోది నాకెందుకు?"

కోడలికి అప్పుడు ఆ మాట వేళాకోళంలా వినిపించింది. ఆయన తెలివితక్కువవాడు కాడు, నాలుగు రోజుల్లో వాక్యాలన్నీ పట్టేశాడు. అత్తగారు కూరగాయలు తరుగుతూ పక్కనే కూర్చునేది. ఒకరోజు ఆయన ఉత్సాహంగా "ఐ హ్యావ్ బీన్ నోయింగ్ మై వైఫ్ ఫర్ థర్టీ ఇయర్స్" అన్నాడు.

"తప్పు మావయ్యా. తెలియడం అనే మాటకి ఆ 'ఇంగ్' పెట్టకూడదు. 'ఐ హ్యావ్ నోన్' అనాలి. తెలియడం అంటే ఒకసారి తెలిసి అలాగే ఉండిపోయేది, చేస్తూ ఉండే పని కాదు."

"ఏమన్నారు, ఏమన్నారు?" అంది అత్తగారు.

"ముప్పై ఏళ్ళుగా మిమ్మల్ని తెలుసుకుంటూనే ఉన్నానన్నారు అత్తయ్యా."

"దాన్నెందుకు దిద్దుతావ్, ఉండనీ. ఆ మాట నిజమే. ఇంకా తెలుసుకోలేదు."

పరీక్షకి ముందు ఒక వారం కంపెనీ అందరి చేతా ఫోన్లు చేయించి చూసింది. ఆ వారంలో లిఫ్టాయన కొంప ముంచినంత పని చేశాడు. బాగుచేసిన ప్రతి లిఫ్టు దగ్గరా నిలబడి, కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, స్పష్టంగా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా "ఐ హ్యావ్ బీన్ రిపేరింగ్ ది లిఫ్ట్" అన్నాడు. అక్కడివాళ్ళు పాపం, పని సాగుతోంది కాబోలని లిఫ్టుల్ని ముట్టుకోలేదు. భవనాల్లో జనం మెట్లెక్కారు. అయిదో అంతస్తులో ఉండే ఒకావిడ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి దులిపేసింది.

"మీ మెకానిక్ పొద్దుటి నుంచీ బాగుచేస్తూనే ఉన్నాడట. ఆయన ఇంటికెళ్ళి భోంచేసి నిద్రపోయి లేచి కూడా ఉంటాడు. లిఫ్టు నన్ను చూసి వెక్కిరిస్తోంది. నా మోకాళ్ళు ఎవరు బాగుచేస్తూ ఉంటారో కూడా చెప్పండి."

సూపర్‌వైజర్ ఇంటికే వచ్చాడు. కోడలిని చూసి మొహమాటపడుతూ, "అమ్మా, మీరే చెబుతున్నారట పాఠం. రెండో వాక్యం చెప్పడం మరిచిపోయారా?" అన్నాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆయన వెళ్ళాక మామగారిని నిలదీసింది.

"రెండోది మీకు వచ్చుగా మావయ్యా. నిన్న నా దగ్గర గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. అక్కడ ఎందుకు అనలేదు?"

"వచ్చు. లిఫ్టు దగ్గర నిలబడితే రాదు." ఆయన తల దించుకున్నాడు. "ఫోన్ చెయ్యమనేది పని దగ్గర్నుంచి. అప్పటికి నేనింకా ఎక్కి చూసి ఉండను. ఎక్కి చూద్దామంటే వాళ్ళు నడిపించాలి. వాళ్ళు నడిపించాలంటే నేను అయిందనాలి. అనలేను టీచరమ్మా. నాలుక మడత పడిపోతుంది. నట్టుగాడి కాలు కళ్ళ ముందుకొస్తుంది."

ఇది ఇంగ్లీషు జబ్బు కాదని కోడలికి అప్పుడు అర్థమైంది. సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఒక వెసులుబాటు తెచ్చింది: ఫోన్ చెయ్యబోయే ముందు మెకానిక్ తన దగ్గరుండే తాళం చెవితో లిఫ్టుని ఒక్కసారి నడిపి చూసుకోవచ్చు. అది ఆ కంపెనీ నియమాల్లో ముందే ఉందట, ఎవరూ చదవలేదు. ఇక మిగిలింది నాలుక మడత తియ్యడం. అందుకు ఆమె పాఠాన్ని కాగితం మీంచి వంటింట్లోకి మార్చింది. ఇంట్లో చెడినదేదైనా బాగుచెయ్యాలి, వాడి చూడాలి, వెంటనే ఆ వాక్యం అనాలి.

కారుతున్న కుళాయి బాగుచేశాడు. తిప్పి, కట్టి, తిప్పి, కట్టి, చెమట తుడుచుకుని, "ఐ హ్యావ్ రిపేర్డ్ ది ట్యాప్" అన్నాడు. ఇంటివాళ్ళు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఫ్యాను బాగుచేశాడు. కిటికీ గడియ, ఇస్త్రీ పెట్టె, బీరువా తాళం, కొడుకు చెప్పు, అన్నీ బాగుపడ్డాయి. ఇంట్లో చెడిన వస్తువన్నది లేకుండా పోయింది.

"రేపటి పాఠానికి ఏం విరగ్గొట్టమంటావే అమ్మాయ్?" అని అత్తగారు గరిటె పట్టుకుని నిలబడింది.

"వద్దత్తయ్యా. మావయ్యకి వచ్చేసింది."

"వచ్చేసిందో, వస్తూ ఉందో. ఆ రెంటికీ మీ భాషలో తేడా ఉందన్నావుగా."

పరీక్ష రోజున కోడలు ఆయనతో హెడ్డాఫీసుకి వెళ్ళింది. నట్టు కూడా పనిముట్ల సంచితో సహా తయారయ్యాడు. పరీక్షకి సంచి ఎందుకంటే, "సంచి లేకపోతే మేమిద్దరం ఎవరో మాకే తెలీదు" అన్నాడు. అతన్ని కిందే గేటు దగ్గర ఆపేశారు. లిఫ్టాయనా కోడలూ నాలుగో అంతస్తుకి లిఫ్టులో వెళ్ళారు. దారిలో ఆయన తలుపు మూసుకున్నప్పుడూ తెరుచుకున్నప్పుడూ చెవి ఒగ్గి విన్నాడంతే.

పరీక్ష గదికి గాజు తలుపు. కోడలు బయట బెంచీ మీద కూర్చుంది. లోపల మాటలు సగం సగం వినిపిస్తున్నాయి. పరీక్ష పెట్టే ఆవిడ నెమ్మదస్తురాలు. ఎన్నాళ్ళుగా ఈ పని చేస్తున్నారని అడిగింది. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఆన్ లిఫ్ట్స్ ఫర్ థర్టీ ఇయర్స్" అన్నాడు. కోడలు పిడికిలి బిగించింది. ఇంతవరకు ఎలాంటి ప్రమాదాలు చూశారు, ఎన్ని రకాల లిఫ్టులు చూశారు, అన్నిటికీ తడబడుతూనే అయినా జవాబు చెప్పాడు. చివరికి ఆవిడ, ఇదిగో ఈ భవనం లిఫ్టుని మీరు బాగుచేశారనుకోండి, నేను కంట్రోల్ రూమ్ అనుకోండి, నాకు చెప్పండి అంది.

లిఫ్టాయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. గాజు అవతల ఆయన మెడ నరం కదలడం కోడలికి కనిపిస్తోంది. 'అనండి మావయ్యా' అనుకుంది లోపల్లోపల. ఆయన లేచి, ఆవిడకి చెయ్యి చూపించి, "వన్ మినిట్ మేడమ్" అని గదిలోంచి బయటికి వచ్చేశాడు. కోడలి పక్క నుంచే నడిచి, ఆమె వంక చూడకుండా, లిఫ్టెక్కి కిందికి వెళ్ళిపోయాడు.

పరీక్ష పెట్టే ఆవిడ బయటికి వచ్చింది.

"ఆయన వెళ్ళిపోయారా?"

"లేదండీ," అంది కోడలు. వెళ్ళిపోయాడనే అనుకుంది. అయినా అంది. "నడిపి చూడకుండా అయిందని చెప్పరు. అది వాళ్ళ పద్ధతి. ఒకసారి కిందికీ పైకీ తిరిగి వచ్చి చెబుతారు."

"నేను ఊరికే అనుకోమన్నాను కదా."

"ఆయనకి అనుకోవడం కూడా అలాగేనండీ."

ఇద్దరూ లిఫ్టు తలుపు మీది అంకెలు చూస్తూ నిలబడ్డారు. కింది అంతస్తు దీపం వెలిగింది. వెలిగి అక్కడే ఉండిపోయింది. ఆవిడ చేతి గడియారం చూసుకుంది, లోపలికి వెళ్ళి ఎవరితోనో ఫోన్ మాట్లాడి మళ్ళీ వచ్చింది. దీపం కదల్లేదు. గోడౌనులో డబ్బాల ముందు వంగి కూర్చున్న మామగారు కోడలి కళ్ళ ముందు మెదిలాడు. ఇంటికెళ్ళి అత్తగారికి ఏం చెప్పాలో మాటలు కూడా వెతుక్కోసాగింది.

అప్పుడు అంకె మారింది. ఒకటి, రెండు. నాలుగు దాటి పై అంతస్తు దాకా వెళ్ళింది. మళ్ళీ కిందికి దిగింది. మళ్ళీ పైకొచ్చి, నాలుగు దగ్గర ఆగింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. లిఫ్టాయన బయటికి అడుగు పెట్టి, తలుపు పూర్తిగా మూసుకునేదాకా ఆగి, ఆవిడ వైపు తిరిగి, చెవి దగ్గర ఫోన్ పట్టుకున్నట్టు చెయ్యి పెట్టుకుని అన్నాడు.

"మేడమ్, ఐ హ్యావ్ రిపేర్డ్ ది లిఫ్ట్. యూ కెన్ స్టార్ట్."

ఆవిడ ఆయన్ని చూసి నవ్వి, "స్టార్టెడ్" అంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఆయన మారు వడ్డించుకుని తిన్నాడు. తిని, గోడకి ఆనుకుని, అక్కడే గురక పెట్టాడు. అత్తగారు పక్క దిండు తెచ్చి తల కింద దోపింది. "వారం రోజులుగా మంచం మీద అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాడమ్మా," అని కోడలితో అని, తనూ అక్కడే కూర్చుని కళ్ళు మూసుకుంది. కోడలు వీధి తలుపు చేరవేసి, ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం ఎన్నాళ్ళయిందో అనుకుంది.

ఆ తరవాత ఆయన పని మానేసేదాకా లిఫ్టుల మధ్యే గడిపాడు. గోడౌను ముఖం చూడలేదు. కోడలు తన క్లాసులో కొత్తగా చేరినవాళ్ళకి ఈ కథే చెప్పేది. మా మావయ్య మనసులోనే ఒక లిఫ్టు బాగుచేసుకుని, ఎక్కి తిరిగి వచ్చి మరీ చెప్పారు, మీరూ అలా అనుకుని చెప్పండి అనేది. కింద అంతసేపు ఆగింది వాక్యం వల్లె వేసుకోవడానికే అనుకుంది. ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.

ఆయన పోయిన మూడో వారంలో నట్టు వచ్చాడు. అత్తగారిని పలకరించి, మంచినీళ్ళు తాగి, పాత సంగతులు తవ్వుతూ ఉంటే పరీక్ష మాట వచ్చింది. కోడలు క్లాసులో ఎలా చెబుతుందో చెప్పింది. నట్టు గ్లాసు కింద పెట్టాడు.

"మనసులో బాగుచేసుకోవడమేంటి అమ్మాయ్? కిందికి దిగి గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఆ లిఫ్టు కింది తలుపు మూసుకునేటప్పుడు టక్కుమంటోందట, పైకెళ్ళేటప్పుడే విన్నాడట. కాపలావాణ్ణి బతిమాలి నన్ను లోపలికి లాక్కెళ్ళాడు. తలుపు కింది చక్రం ఒకటి అరిగింది. సంచిలో ఉంటే మార్చాం. చెయ్యనిది చేశానని ఎలా చెప్పనురా అన్నాడు." నట్టు కాలు సర్దుకున్నాడు. "నీకు చెప్పొద్దన్నాడులే. పాఠం వల్లే ప్యాసయ్యానని ఆ పిల్ల సంతోషంగా ఉంది, ఉండనీ అన్నాడు."